నైట్ డ్యూటీ

బెంగుళూర్లో నైట్ డ్యూటీ దొరికిందని
మడకశిరకు ఫోన్ చేసి చెప్పినాను.
ఏ నైటో చెప్పలేదు.
తెలుగులో రాస్తే రెండూ ఒకటే కదా.

కమ్మనహళ్ళిలో కోట మాదిరి కట్టిన హోటలు.
థర్మకోల్ బురుజులు, తలుపుకు ఉత్తుత్తి గొలుసులు.
సాయంత్రం ఆరు నుంచి పన్నెండు దాకా
నేను వెయ్యేండ్ల కిందటి సీమదొరల వీరుణ్ణి.
శివాజీనగర్లో కొట్టించిన అల్యూమినియం కవచం
చంకలో ఒరుసుకుంటుంది;
అక్కడ పాత బనియను గుడ్డ కుట్టుకున్నాను.
కత్తి ఫైబరుది.
ముఖం మీదికి దించే రేకుకు ఐదు చీలికలు.
వాటిలోంచి మనుషులు
తరిగిన దోసకాయల్లా కనపడతారు.

మేనేజరు సెల్వరాజు బట్టీ పట్టమని కాగితమిచ్చినాడు.
పుట్టినరోజు పిల్లల ముందు మోకాలు వంచి చెప్పాల:
బలం లేనివాడి పక్కన నిలబడతాను
ఆడిన మాట తప్పను
వెనకనుంచి పొడవను.
ఆ కాలంలో వీరపట్టం కట్టుకునే ముందు
కత్తిని దేవుని ముందర పెట్టి
తెల్లారేదాకా కన్ను మూయకుండా నిలబడేవాళ్లంట.
నిలబడేదేం, నాకు కొత్తా?
పీణ్యాలో ఆరేండ్లు ఏటీఎం కాపలా.

శనివారం. ఏడో టేబుల్ పెద్దమనిషి ఫోన్ కనపడలేదు.
ఎంగిలి ప్లేట్లు తీసే దిలేశ్వర్‌ని పట్టుకున్నారు.
అస్సాం పిల్లోడు, పందొమ్మిదేండ్లు,
కన్నడంలో వాడికొచ్చింది ఒకటే మాట: "బందె, బందె".
చెంప మీద కొట్టినారు.
జేబులు బయటికి లాగినారు:
దువ్వెన, బస్సు టికెట్టు, కరిగిన చాక్లెట్టు.
వాడు నా వైపే చూసినాడు.
నాలుగడుగుల దూరం.
రేకు దించి ఉంది.
మంగళవారం జీతం.

ఫోన్ కేకు డబ్బా కింద దొరికింది.
"సరే, సరే" అన్నాడు పెద్దమనిషి, అంతే.
అప్పుడొక పాప వచ్చి
నా రొమ్ము మీద డబడబా తట్టి అడిగింది,
లోపల ఎవరైనా ఉన్నారా?

హోటలు వెనక, పాత్రలు తోమే తావులో
నిలువెత్తు రాతిపలక ఉంది.
వీరగల్లు అంటారంట.
శాసనాలు చదివే చెన్నవీరయ్య మేష్టారొకరు
కొళాయి పక్కన గొంతుక్కూచోని,
సున్నప్పొడి రుద్ది, అక్షరాలు తడిమి చదివినాడు:
తురువం మగుళ్చి సత్తం.
ఆలమందను మళ్లించి చచ్చినాడు.
పేరు?
పేరుండే తావులోనే గిన్నెలు రుద్దేది.
ఆవులు వాడివేనా సామీ అంటే
ఊరివి, వాడివి కావు అన్నాడు.

ఆ రాత్రి కవచం విప్పకుండానే అక్కడికి పోయినాను.
వాడి ఒంటి మీద రేకు ముక్క లేదు.
మొలకు గుడ్డ, చేతిలో కురచ కత్తి,
తొడలో దిగిన బాణం.
పై అరలో ఇద్దరాడవాళ్లు రెక్కలు పట్టి తీసుకుపోతున్నారు,
ఆ పైన లింగం, సూర్యుడు, చంద్రుడు.
ముఖం మటుకు లేదు.
ఎన్నేండ్ల స్టీలు పీచో తినేసింది.
నాకు ముఖముంది, రేకు వెనక భద్రంగా.
నా కత్తితో వాడి కత్తిని తాకించి చూసినాను.
నాదే వంగింది.

దిలేశ్వర్ ఆదివారం రాలేదు. సోమవారమూ రాలేదు.
వాడి ఏప్రన్ కొళాయి మేకుకే ఉంది.
మంగళవారం జీతమిచ్చినారు, తీసుకున్నాను.
ఆ కాగితం మటుకు ఇప్పుడు నోటికి రావడం లేదు;
రెండో మాట దగ్గరే ఆగిపోతాను,
పిల్లలు నవ్వుతారు, సెల్వరాజు గుర్రుమంటాడు.

డ్యూటీ దిగినాక పోయి
రాతి మీద ఆవుల్ని లెక్కపెడతాను.
ఎనిమిది, కొమ్ములు పైకెత్తి, ఊరి వైపు తిరిగి.
తొమ్మిదోదానికి
రాతి అంచున తోక మాత్రమే ఉంది.
తిరిగొస్తా ఉందో
పోతా ఉందో
ఎన్ని నీళ్లు పోసి కడిగినా తెలియడం లేదు.